తాళంచెవి మేకుకే ఉండిపోతే

ప్రమాదానికి గురైన కారు షెడ్డుకు వెళ్తుంది. ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకుంటాడు. బంపరు మారుస్తారు, బానెట్ సొట్టలు తీస్తారు, రంగు కలిపి కొడతారు, చక్రాల అలైన్‌మెంట్ చూస్తారు. కొన్ని వారాలకు బండి మళ్లీ ఇంటి ముందు నిలబడుతుంది. ఎక్కడ తగిలిందో కనిపెట్టాలంటే ఎండలో ఓ పక్కనుంచి వంగి చూడాల్సిందే. దాన్ని నడిపిన మనిషికీ కుట్లు విప్పుతారు, కట్టు తీస్తారు, డాక్టరు ఇక పర్వాలేదంటాడు. అయినా తాళంచెవి గోడ మేకుకే వేలాడుతూ ఉంటుంది. వానలు తగ్గనీ అంటారు, పండగ వెళ్లనీ అంటారు, పిల్లల పరీక్షలు అవనీ అంటారు. ఈలోగా బ్యాటరీ దిగిపోతుంది, అదొక కొత్త కారణం అవుతుంది. కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. ఒంటిమీద గీత కూడా పడకుండా బయటపడి, ఆ తర్వాత స్టీరింగ్ పట్టుకోలేకపోయినవాళ్లు ఈ మూడు అంకెల్లో దేనిలోనూ ఉండరు. పోలీసు రికార్డుకు గానీ, ఆసుపత్రి చీటీకి గానీ, బీమా ఫారానికి గానీ ఆ నష్టం ఎక్కదు.

అలాంటి మనిషికి ఇంట్లోవాళ్లు, స్నేహితులు ప్రేమగా ఇచ్చే సలహా ఒకటే: తొందరేం లేదు, ధైర్యం వచ్చాకే నడుపు. వినడానికి ఎంతో సబబుగా ఉండే ఈ మాటలో వరస తలకిందులైంది. ధైర్యం ముందు వచ్చి, ఆ తర్వాత మనిషి బండి తీయడం చాలా అరుదు. భయంతోనే, కానీ ఒక పద్ధతిలో, కొద్దికొద్దిగా నడుపుతూ పోతే దాని ఫలితంగా ధైర్యం పుడుతుంది. గత నూరేళ్ల ప్రయోగాలు, ఆసుపత్రుల్లో జరిగిన అధ్యయనాలు ఈ వైపే చూపుతున్నాయి. మెదడు దృష్టిలో ఆత్మవిశ్వాసమంటే ఒక రకం జ్ఞాపకం. ‘ఈ పరిస్థితిలో ఉన్నాను, ఏమీ కాలేదు’ అనే అనుభవం పదే పదే నమోదైతేనే అది తయారవుతుంది. ఇంట్లో కూర్చుంటే నమోదు కావడానికి ఏదీ ఉండదు. ఈ మాట ఎందుకు నిజమో, ఎక్కడెక్కడ దానికి హద్దులున్నాయో ఈ అధ్యాయంలో చూద్దాం.

చీకట్లో తాడును చూసి పామనుకోవడాన్ని మన పెద్దలు రజ్జుసర్పభ్రాంతి అన్నారు. వేదాంతంలో దానికి వేరే ప్రయోజనం ఉంది. చిత్రంగా, భయం మీద పరిశోధించిన నాడీశాస్త్రవేత్త జోసెఫ్ లెడూ కూడా దాదాపు ఇదే ఉదాహరణ ఎంచుకున్నాడు. అడవి దారిలో నడుస్తున్నవాడికి కాలి దగ్గర వంకరగా ఏదో కనిపిస్తుంది. అది పామో పుల్లో తేలకముందే కాలు వెనక్కి వస్తుంది. కంటి సమాచారం మెదడులో రెండు దారుల్లో వెళ్తుందని లెడూ 1996 నాటి పుస్తకంలో వివరించాడు. ఒకటి దగ్గరి దారి. అది థాలమస్ నుంచి నేరుగా బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలాకు చేరుతుంది. వివరం తక్కువ, వేగం ఎక్కువ. రెండోది చుట్టుదారి. మెదడు పైపొర అయిన వల్కలంలో విశ్లేషణ జరిగాక వస్తుంది కాబట్టి వివరం ఎక్కువ, కాస్త ఆలస్యం. గుండె దడ, చేతుల చెమట, కాళ్ల బిగుతు దగ్గరి దారి పనులు. ‘అది పుల్లేలే’ అనే మాట చుట్టుదారిలో వస్తుంది. తర్వాతి కాలంలో లెడూ తానే ఒక సవరణ చెప్పాడు: అమిగ్డలా చేసేది ముప్పును పసిగట్టి ఒంటిని సిద్ధం చేయడం, మనం మనసులో అనుభవించే భయం అంతకంటే పెద్ద వ్యవహారం అని. మన వాదనకు ఆ సవరణ మేలే చేస్తుంది. ఒంటిని సిద్ధం చేసే భాగానికి తర్కం వినిపించదు. ‘ఆ లారీవాడు నిద్రమత్తులో ఉన్నాడు, తప్పు నీది కాదు, అందరు లారీవాళ్లూ అలా ఉండరు’ అని ఎంత చెప్పినా మనిషి తలూపుతాడు, చేతులు మాత్రం వణుకుతూనే ఉంటాయి. ఆ భాగానికి చెప్పదలచుకున్నదేదైనా దానికి తెలిసిన భాషలోనే, అంటే అనుభవం రూపంలోనే చెప్పాలి.

ప్రమాదం జరిగిన ఆ రెండు మూడు సెకన్లలో మెదడు చుట్టుపక్కల దొరికిన ప్రతిదాన్నీ ముప్పుతో కలిపి ముడేస్తుంది. ఎదుటి హెడ్‌లైట్ల వెలుగు, టైర్లు రోడ్డును గీసిన చప్పుడు, కాలిన రబ్బరు వాసన, అప్పుడు కారులో మోగుతున్న పాట, తడిసిన రోడ్డు మెరుపు, అన్నీ ఒకే మూటలోకి వెళ్తాయి. వీటిలో ప్రమాదానికి నిజంగా కారణమైనది ఏదో మెదడు వడకట్టదు. తర్వాత ముడి ఇంకా పెద్దదవుతుంది. మొదట గుద్దిన లారీ, తర్వాత అన్ని లారీలు, తర్వాత వెనకనుంచి వచ్చే ఏ పెద్ద బండైనా. దీన్ని పక్క సీటులో చాలా స్పష్టంగా చూడవచ్చు. నడిపేది మరొకరు. ముందు ఆటో కాస్త నెమ్మదించగానే పక్క సీటులోని మనిషి కుడికాలు తటాలున నేలను తొక్కుతుంది. అక్కడ బ్రేకు లేదు, ఉన్నదల్లా రబ్బరు మ్యాటు. చేయి తలుపు పైనున్న పిడిని పట్టుకుంటుంది, ఊపిరి ఆగుతుంది. ముందు ఆటో వెళ్లిపోయిన తర్వాత కూడా కాలు కాసేపు అలా బిగిసే ఉంటుంది. ఆ మనిషి పిరికివాడు కావడం వల్ల ఇది జరగడం లేదు. ఒకసారి చావుకు దగ్గరగా వెళ్లిన ఒళ్లు, రెండోసారి ఆలస్యం కాకూడదని చేసే ప్రయత్నం అది. దాన్ని చూసి నవ్వడం అన్యాయం.

మరి ఈ ముడి వదలకుండా సంవత్సరాల తరబడి ఎందుకు ఉంటుంది? 1947లో అమెరికన్ మనస్తత్వవేత్త హోబర్ట్ మౌరర్ రెండంచెల వివరణ ఇచ్చాడు. మొదటి అంచెలో భయం ఒక గుర్తుకు అంటుకుంటుంది. రెండో అంచెలో ఆ గుర్తును తప్పించుకున్న ప్రతిసారీ కలిగే ఊరట, తప్పించుకోవడాన్ని అలవాటుగా మారుస్తుంది. దీన్ని కళ్లకు కట్టినట్టు చూపినవి 1953లో రిచర్డ్ సాలమన్ బృందం కుక్కలతో చేసిన ప్రయోగాలు. మధ్యలో అడ్డుగోడ ఉన్న పెట్టెలో కుక్కను ఉంచుతారు. సంకేతం వస్తుంది, కొద్ది సెకన్లకు నేల నుంచి కరెంటు షాకు. కుక్క గోడ దూకి అవతలికి పోవడం త్వరలోనే నేర్చుకుంటుంది, సంకేతం రాగానే దూకేస్తుంది. తర్వాత కరెంటు పూర్తిగా తీసేశారు. కుక్కలు మాత్రం మానలేదు. వందల సార్లు అలా దూకుతూనే పోయాయి. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఎవరూ అనుమతి ఇవ్వరు, ఇవ్వకపోవడమే న్యాయం. కానీ అది బయటపెట్టిన సంగతి మాత్రం మరచిపోదగ్గది కాదు: కరెంటు పోయిందని తెలియాలంటే కుక్క అక్కడే నిలబడాలి. అది నిలబడదు కాబట్టి దానికి ఎప్పటికీ తెలియదు. పైగా దూకిన ప్రతిసారీ షాకు తగలలేదు కాబట్టి, దూకడం వల్లే బతికానన్న లెక్క బలపడుతుంది. మేకుకు వేలాడే తాళంచెవి కథ అచ్చంగా ఇదే. కారు తీయని ప్రతిరోజూ ప్రమాదం జరగదు. ‘తీయలేదు కాబట్టే జరగలేదు’ అని మెదడు రాసుకుంటుంది.

ఇల్లు కదలకపోవడం కంటికి కనిపించే తప్పించుకోవడం. కనిపించనిది మరొకటి ఉంది, అది మరింత మొండిది. బండి నడుపుతూనే, ఒక రక్షరేకు లాంటిదాన్ని అడ్డం పెట్టుకోవడం. భార్యో భర్తో పక్కనుంటేనే నడపడం, ఫోను స్పీకరులో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉండాలనడం, ఫ్లైఓవర్ వస్తే కిందనుంచి చుట్టు తిరిగి పోవడం, వేళ్లు తెల్లబడేలా స్టీరింగ్ బిగించడం, అద్దంలోకి క్షణానికోసారి చూడటం. బ్రిటన్‌కు చెందిన పాల్ సాల్కోవ్‌స్కిస్ 1991లో ఇలాంటి నడతలను విడిగా గుర్తించి, భయం చల్లారకుండా అడ్డుపడేది ఇవేనని వాదించాడు. పదిసార్లు క్షేమంగా ఇల్లు చేరినా, ఆ ఘనత రోడ్డుకూ, నడిపిన చేతికీ దక్కదు, పక్కనున్న మనిషికి దక్కుతుంది. ‘ఆయన ఉన్నాడు కాబట్టి సరిపోయింది.’ మన ఇళ్లలో దీనికి ఒక ప్రత్యేకమైన రూపం ఉంది: బండి అచ్చిరాలేదని అమ్మేయడం. కొత్త కారుకు పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి రోడ్డెక్కితే అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. ఆ పూజ మనిషిని రోడ్డు మీదకు తెస్తోంది. కానీ అచ్చిరాలేదని బండి అమ్మి, కొన్న కొత్త బండి మాత్రం డ్రైవరుకు అప్పగించి తాను వెనక సీటుకు మారితే, భయం కూడా మనిషితో పాటే వెనక సీటుకు మారుతుంది.

కాలమే అన్నిటినీ మాన్పుతుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అందులో కొంత నిజముంది, ఆ నిజం ఎంతో కొలిచిన అధ్యయనాలూ ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లో అంకె ఎహ్లర్స్, రిచర్డ్ మేయూ, బ్రిడ్జెట్ బ్రయంట్ రోడ్డు ప్రమాదం తర్వాత ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన 967 మందిని వెంబడించి చూశారు. 1998లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, ప్రమాదానంతర మానసిక గాయం లక్షణాలు నిర్ధారణ స్థాయిలో ఉన్నవారు మూడు నెలలకు 23.1 శాతం, ఏడాదికి 16.5 శాతం. అంటే తగ్గుతుంది, కానీ ఏడాది గడిచాక కూడా ఆరుగురిలో ఒకరికి మిగిలే ఉంటుంది. అమెరికాలో ఆల్బనీ నగరంలో ఎడ్వర్డ్ బ్లాంచార్డ్, ఎడ్వర్డ్ హిక్లింగ్ ప్రమాదం తర్వాత వైద్యం కోరిన 158 మందిని పరిశీలించినప్పుడు దాదాపు 40 శాతం మందిలో ఈ స్థితి కనిపించింది. నిర్ధారణ స్థాయికి చేరకపోయినా నడపడానికి వెనకాడేవాళ్లు వీళ్లకు అదనం. ఎవరికి మిగిలిపోతుంది అన్నదే అసలు సంగతి. దెబ్బ ఎంత పెద్దదన్నది దాన్ని పూర్తిగా తేల్చలేదు. ఆక్స్‌ఫర్డ్ అధ్యయనంలో, గుర్తొచ్చిన దృశ్యాలను ‘నాకు పిచ్చెక్కుతోంది’ అని అర్థం చేసుకున్నవాళ్లకు, ‘అలా జరగకుండా ఉంటే’ అని అదే పనిగా తలపోసేవాళ్లకు, జ్ఞాపకాన్ని బలవంతంగా అణచిపెట్టేవాళ్లకు, కోపం రగులుతూ ఉన్నవాళ్లకు బాధ ఎక్కువ కాలం నిలిచింది. కాలం పనిచేస్తుంది, నిజమే. కానీ కాలం లోపల మనిషి ఏం చేస్తున్నాడన్నదాని మీద ఆధారపడి పనిచేస్తుంది. పుండును శుభ్రంగా ఉంచితే మానుతుంది, రోజుకు పదిసార్లు కెలికితే మానదు.

కెలకడం అన్నాను కాబట్టి ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రమాదం జరిగిన మర్నాటి నుంచే పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఆ కథ మొదటి నుంచి చెప్పించడం మనకు అలవాటు. చెప్పుకుంటే గుండె బరువు తగ్గుతుందని నమ్మకం. ఆసుపత్రులు కూడా ఒకప్పుడు ఇదే నమ్మాయి. ఆక్స్‌ఫర్డ్‌లోనే గాయపడి చేరినవాళ్లను రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు కొద్దిరోజుల్లోనే ఒకసారి కూర్చోబెట్టి జరిగినదంతా వివరంగా చెప్పించారు, రెండో గుంపుకు మామూలు వైద్యమే. మూడేళ్ల తర్వాత చూస్తే, చెప్పించుకున్న గుంపే వెనకబడి ఉంది. ముఖ్యంగా మొదట్లో ఎక్కువ కలతపడినవాళ్లు ఆ గుంపులో కలతతోనే ఉండిపోయారు. 2000లో వెలువడిన ఈ ఫలితం వైద్యుల ఆలోచనను మార్చింది. ఇవాళ్టి అంతర్జాతీయ మార్గదర్శకాలు వెంటనే చెప్పించే ఆ పద్ధతిని సిఫారసు చేయవు. కాబట్టి చెప్పాలనిపిస్తే వినాలి, పలకరించే ప్రతివారి కోసం చెప్పించకూడదు. అదే ఆక్స్‌ఫర్డ్‌లో 2018లో మరో ఆసక్తికరమైన ఫలితం వచ్చింది. ప్రమాదం జరిగిన ఆరు గంటల్లోపు, 71 మందిలో కొందరిచేత ఆ దృశ్యాన్ని క్లుప్తంగా తలుచుకోనిచ్చి, తర్వాత టెట్రిస్ ఆడించారు. ఇటుకలు పేర్చే ఆ ఆట కంటి ఊహను ఆక్రమిస్తుంది. తర్వాతి వారంలో వాళ్లకు ప్రమాద దృశ్యాలు తటాలున కళ్లముందు మెదలడం ఆట ఆడనివాళ్ల కంటే బాగా తగ్గింది. ఇది తొలి అడుగు మాత్రమే, మందు అనేంత దూరం ఇంకా రాలేదు. కానీ జ్ఞాపకం గట్టిపడే గంటల్లో దాన్ని మెత్తగా ఉంచవచ్చన్న ఆశ అందులో ఉంది.

ఇక భయాన్ని చల్లార్చే పద్ధతి. దీని మూలం 1924 నాటి ఒక పిల్లవాడి దగ్గర ఉంది. మేరీ కవర్ జోన్స్ అనే పరిశోధకురాలు, కుందేలంటే హడలిపోయే మూడేళ్లలోపు పీటర్‌ను ఇష్టమైన తిండితో కూర్చోబెట్టి, పంజరంలో కుందేలును గది చివర ఉంచి, రోజురోజుకూ కొద్దిగా దగ్గరికి జరిపింది. చివరికి పిల్లవాడు దాన్ని తాకి ఆడుకున్నాడు. దక్షిణాఫ్రికాకు చెందిన జోసెఫ్ వోల్పే 1958లో దీన్ని పెద్దవాళ్లకు మెట్లమెట్ల చికిత్సగా మలిచాడు. అయితే ఈ పద్ధతి భయాన్ని చెరిపేస్తుందని అనుకుంటే పొరపాటు. సంకేతానికి లాలాజలం ఊరడం మానేసిన కుక్కకు కొంతకాలం విరామం ఇచ్చి మళ్లీ సంకేతం చూపితే, పాత స్పందన తనంతట తిరిగి తలెత్తుతుందని పావ్లోవ్ ఎప్పుడో గమనించాడు. మార్క్ బౌటన్ ఎలుకలతో దశాబ్దాలపాటు చేసిన పని దీన్ని మరింత తేటపరిచింది. ఒక పెట్టెలో భయం నేర్పి, మరో పెట్టెలో దాన్ని చల్లార్చి, ఎలుకను మొదటి పెట్టెలోకి తెస్తే భయం మళ్లీ వస్తుంది. పాత పాఠం పోలేదు, దాని పక్కన కొత్త పాఠం చేరిందంతే. పాత పాఠం ఎక్కడికైనా పాకుతుంది, కొత్త పాఠం నేర్చుకున్న చోటికి అంటిపెట్టుకుంటుంది. ఇది రోడ్డుకు నేరుగా వర్తిస్తుంది. కాలనీ ఖాళీ రోడ్డు మీద ఆదివారం పొద్దున్న ఇరవైసార్లు తిరిగినా, సోమవారం సాయంత్రం వానలో హైవే మీద చేతులు వణుకుతాయి. అందుకని నేర్చుకున్నదంతా వృథా అని కాదు, ఆ చోట ఇంకా నేర్చుకోలేదని అర్థం.

అసలు పని దగ్గరనుంచి ఎలా ఉంటుందో చూద్దాం. మొదటి మెట్టు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఇంజను ఆపి ఉన్న కారులో డ్రైవరు సీటు. సీటు ముందుకు జరుపుకుని, బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకుని, చేతులు స్టీరింగ్ మీద ఉంచి కూర్చోవడం. అంతే. గుండె కొట్టుకుంటుంది, కొట్టుకోనివ్వాలి. దిగాల్సింది భయం పెరిగిందని కాదు, అనుకున్న సమయం అయ్యాకే. రెండో మెట్టు ఇంజను స్టార్ట్ చేయడం. చాలామందికి సెల్ఫ్ శబ్దం వినగానే కడుపులో మెలిపెడుతుంది. తర్వాత గేటు దాకా, వీధి చివర దాకా, ఆ తర్వాత కూరగాయల బజారు దాకా. ఆపైన బస్సులు తిరిగే మెయిన్ రోడ్డు, యూటర్న్, ఫ్లైఓవర్, సర్వీస్ రోడ్డు నుంచి హైవేలో కలవడం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది పై మెట్ల కిందకొస్తుంది, ఎందుకంటే ఎక్కాక మధ్యలో ఆగిపోయి వెనక్కి తిరిగే వీలుండదు. ప్రతి మెట్టుకు ముందు ఒక చిన్న నోటుపుస్తకంలో రెండు మాటలు రాయాలి: ఏం జరుగుతుందని భయపడుతున్నాను, నూటికి ఎంత నమ్మకంతో? ‘ఫ్లైఓవర్ మీద చేతులు బిగుసుకుపోయి గోడకు గుద్దుతాను, 80.’ దిగాక రాయాలి: ఏం జరిగింది? ‘చేతులు వణికాయి. వెనక బస్సు హారన్ కొట్టింది. కిందికి దిగాను.’ మిషెల్ క్రాస్క్ వంటి పరిశోధకులు చెప్పేది ఇదే: సవారీ మధ్యలో భయం ఎంత తగ్గిందన్నది అంత ముఖ్యం కాదు, అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడా ఎంత పెద్దదైతే పాఠం అంత గట్టిగా నాటుకుంటుంది. చేతులు వణికినా బండి గీత దాటలేదన్నది, అసలు చేతులు వణకకపోవడం కంటే విలువైన సమాచారం. కొన్నాళ్లయ్యాక వేళలు మార్చాలి, దారులు మార్చాలి, రాత్రి, వాన, ఒంటరి ప్రయాణం అన్నీ కలవాలి. బౌటన్ ఎలుకలు చెప్పిన మాట అది.

భయం పూర్తిగా పోవడమే మంచిదా, కాస్త భయం ఉంటేనే కదా జాగ్రత్తగా నడుపుతారు అనేది బలమైన అభ్యంతరం. 2022లో మన రోడ్డు ప్రమాద మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం ఖాతాలో పడ్డాయి. అలాంటి దేశంలో భయపడేవాడే మేలు అనిపించడం సహజం. కానీ జాగ్రత్తకూ భయానికీ చూసే చూపు వేరు. జాగ్రత్త రోడ్డంతా చూస్తుంది, భయం భయపడిన వస్తువునే చూస్తుంది. వెనక లారీ మీదే కన్ను పెట్టినవాడికి ముందు అడ్డొచ్చిన స్కూటరు ఆలస్యంగా కనిపిస్తుంది. అమెరికాలో జాషువా క్లాప్, గేల్ బెక్ తదితరులు 2011లో ఆందోళనతో నడిపేవారి నడతను కొలిచే ప్రశ్నావళి తయారుచేసినప్పుడు అది మూడు రకాలుగా విడిపోయింది. అతిజాగ్రత్త ఒకటి, కంగారులో చేసే పొరపాట్లు రెండోది, హారన్ కొట్టడం, అరవడం వంటి దూకుడు మూడోది. ఒకే భయం మనిషిని పద్ధతిగానూ నడిపించదు, మర్యాదగానూ నడిపించదు. హైవే మీద అందరూ 80లో పోతుంటే మధ్య లేనులో 30లో పోవడం, పచ్చ దీపం పడ్డాక కూడా కదలకపోవడం, అకారణంగా బ్రేకు కొట్టడం వెనకవాళ్లకు ముప్పు. ఇక్కడ ఒక గీత గీయడం అవసరమని నా అభిప్రాయం. ప్రమాదాన్ని తగ్గించే పనులు కొన్ని, భయాన్ని మాత్రమే తగ్గించే పనులు కొన్ని. సీటు బెల్టు మొదటి రకం; 2022లో అది పెట్టుకోకపోవడం వల్ల 16,715 మంది చనిపోయారు. వేగపరిమితి, ముందు బండికి దూరం, నిద్ర వస్తే ఆగడం, తాగి నడపకపోవడం అన్నీ మొదటి రకమే. వీటిని జీవితాంతం ఉంచుకోవాలి. ఫ్లైఓవర్ తప్పించి తిరగడం, ఫోనులో తోడు పెట్టుకోవడం, స్టీరింగ్ పిండేయడం రెండో రకం. వదలాల్సినవి అవి. ఫోను తోడయితే ప్రమాదాన్ని పెంచుతుంది కూడా.

అసలు నడపడమే ఎందుకు, బస్సుంది, మెట్రో ఉంది, డ్రైవరును పెట్టుకోవచ్చు అంటారు. ఇష్టంతో ఎంచుకుంటే అది మంచి ఎంపికే, దానితో ఎవరికీ పేచీ ఉండకూడదు. చూడాల్సింది ఆ ఎంపిక చేసింది మనిషా, భయమా అన్నది. భయం చేసిన ఎంపిక స్టీరింగ్ దగ్గర ఆగదు. పక్క సీటుకు, రోడ్డు దాటడానికి, పిల్లలు స్కూలు వ్యానెక్కడానికి కూడా పాకుతుంది. ఉద్యోగం, పెళ్లిళ్లు, పరామర్శలు ఒక్కొక్కటే చుట్టుకుపోతాయి. ఇంకో మెలిక కూడా ఉంది. కారు భయంతో స్కూటరుకు మారేవాళ్లు మన ఊళ్లలో తక్కువేం కాదు. స్కూటరైతే నెమ్మదిగా, అంచున పోవచ్చనిపిస్తుంది. 2022లో రోడ్డు మీద చనిపోయిన ప్రతి వందమందిలో సుమారు 44 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. భయం ముప్పు లెక్కలు సరిగా వేయలేదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు. అయినా రోడ్డు నిజంగానే ప్రమాదకరం కదా, మెట్లెక్కుతుండగా మళ్లీ ఎవరైనా గుద్దితే? గుద్దవచ్చు. ఏ పద్ధతీ ఆ హామీ ఇవ్వదు, ఇచ్చేవాళ్లను నమ్మకూడదు. ఈ అభ్యాసం నేర్పేది ‘ఇక ఏమీ జరగదు’ అని కాదు. ‘జరిగే అవకాశం నా ఒళ్లు చెబుతున్నంత లేదు, వణుకుతూ కూడా నేను బ్రేకు సమయానికి తొక్కగలను’ అన్న రెండు సంగతులు. రెండూ నిజాలే.

ఇంట్లోవాళ్ల పాత్ర చిన్నది కాదు. ‘నువ్వెందుకులే, నేను తీస్తా’ అనే మాట ప్రేమతో వచ్చినా, కుక్కకు గోడను ఇంకాస్త తక్కువ ఎత్తు చేసి ఇచ్చినట్టే. ఆడవాళ్ల విషయంలో ఇది మరీ గట్టిగా పనిచేస్తుంది. భర్త గుద్దితే బండి షెడ్డుకు వెళ్తుంది, భార్య గుద్దితే లైసెన్సే అల్మారాలోకి వెళ్లే ఇళ్లు చాలా ఉన్నాయి. అలా పోయిన స్వేచ్ఛను ఎవరూ ప్రమాద నష్టం కింద లెక్కవేయరు. తోడుగా ఉండదలచినవారు మొదటి కొన్ని మెట్లకు పక్క సీటులో కూర్చుని, ‘చూసుకో, చూసుకో’ అనకుండా నోరు కట్టేసుకుని, తర్వాత క్రమంగా తప్పుకోవాలి. మాత్ర వేసుకుని నడపాలన్న ఆలోచన ప్రమాదకరం. ఆల్ప్రజోలామ్ వంటివి మత్తు తెస్తాయి, స్పందనను మందగింపజేస్తాయి. ప్రమాదం జరిగిన మొదటి నెలలో ఈ కోవ మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది. తలకు దెబ్బ తగిలినవాళ్లు, మెడ ఇంకా పూర్తిగా తిరగనివాళ్లు డాక్టరు అనుమతి లేకుండా మొదటి మెట్టు కూడా ఎక్కకూడదు. పీడకలలు, నిద్రలేమి, జరిగింది మళ్లీ జరుగుతున్నట్టే అనిపించడం నెల దాటినా తగ్గకపోతే మెట్లు ఒంటరిగా ఎక్కాల్సినవి కావు. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులు కావాలి. బ్లాంచార్డ్ బృందం 2003లో ఇలాంటివారిలో ఆలోచన, ఆచరణ రెండింటినీ సరిచేసే చికిత్సను ఊరడింపు మాటలతోనూ, కేవలం ఎదురుచూడటంతోనూ పోల్చినప్పుడు ఆ చికిత్స స్పష్టంగా మెరుగైంది. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడేవారు దొరుకుతారు, అక్కడ మొదలుపెట్టవచ్చు. ప్రమాదంలో ఎదుటివారో, కారులోని తనవారో చనిపోయి ఉంటే పరిస్థితి వేరు. అక్కడ స్టీరింగ్ దగ్గర చేతిని ఆపేది భయం ఒక్కటే కాదు, దుఃఖం ఉంటుంది, అపరాధభావం ఉంటుంది. మళ్లీ నడపడమే చనిపోయినవారిని మరచిపోవడంలా తోచవచ్చు. ఆ మనిషిని మెట్లెక్కమని తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. ముందు ఆ దుఃఖానికి చోటివ్వాలి.

చాలామంది చివరి మెట్టుగా మిగుల్చుకునేది ప్రమాదం జరిగిన చోటే. నెలల తర్వాత అక్కడికి చేరేసరికి ఆ చోటు మారిపోయి ఉంటుంది. పగిలిన గాజు ఎప్పుడో ఊడ్చేశారు, డివైడరుకు కొత్తగా నలుపు పసుపు చారలు కొట్టారు, పక్కన చెరకురసం బండి పెట్టుకున్నారు. ఒళ్లు మాత్రం అరకిలోమీటరు ముందునుంచే సిద్ధమవుతుంది. మొదటిసారి దాటాక బండి పక్కకు ఆపుకుని కాసేపు ఏడ్చేవాళ్లున్నారు. రెండోసారి ఆపకుండా పోతారు. అయిదారుసార్లకు ఆ చోటు వచ్చి వెళ్లిందన్న సంగతి టోల్‌గేట్ దగ్గర గుర్తొస్తుంది. ఆ తర్వాత ఏ తొలకరి సాయంత్రమో, తడిసిన రోడ్డు మీద ఎదుటి హెడ్‌లైట్లు మెరిసినప్పుడు పాత దడ మళ్లీ రావచ్చు. పావ్లోవ్ కుక్కలకు వచ్చింది, బౌటన్ ఎలుకలకు వచ్చింది. అలాంటప్పుడు మర్నాడు రెండు మెట్లు కిందికి దిగి, కూరగాయల బజారు దారి నుంచి మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది. రెండోసారి ఆ మెట్లు ఎక్కడానికి మొదటిసారి పట్టినంత కాలం పట్టదు.